అటకమీది పాత కంప్యూటర్ సామాను: నేరుగా కరెంటు ఇవ్వవచ్చా?

తెనాలి_అటక (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు తెనాలిలో చాలాకాలం డీటీపీ సెంటర్ నడిపారు. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, గుడి ఉత్సవాల ఆహ్వానాలు, అప్పుడప్పుడు ఊళ్లోవాళ్లు రాసుకున్న చిన్న పుస్తకాలు. 2012లో దుకాణం ఎత్తేసినప్పుడు సామానంతా ఇంటి అటక ఎక్కింది. ఇప్పుడు ఇంటికి రంగులు వేయిస్తూ అటక ఖాళీ చేస్తే అవన్నీ మళ్లీ కిందికి దిగాయి.

ఒక కేబినెట్ ఉంది. అందులో ఇంటెల్ 945 చిప్‌సెట్ మదర్‌బోర్డు, కోర్ 2 డుయో ప్రాసెసర్, రెండు డీడీఆర్2 ర్యామ్‌లు, 160 జీబీ సాటా హార్డ్ డిస్క్ ఉన్నాయి. విడిగా, వార్తాపత్రికలో చుట్టిపెట్టిన 40 జీబీ ఐడీఈ (పాతకాలపు కనెక్టర్ ఉన్న) డిస్క్ ఒకటి. అది అంతకు ముందున్న పెంటియం 4 మిషన్‌ది. స్పేర్‌గా పనికొస్తుందని 2011లో కొని, ఇప్పటికీ సీలు విప్పని, కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ ఒకటి. డీవీడీ రైటర్, ఒక డబ్బా నిండా రాసిన సీడీలు.

నా ఆలోచన ఇది: కొత్త ఎస్‌ఎంపీఎస్ బిగించి, రెండు డిస్కులూ తగిలించి, విండోస్‌కు బదులు లినక్స్ ఎక్కించి, మా అమ్మాయి టైపింగ్ నేర్చుకోవడానికి ఇవ్వాలని. దాంతోపాటు నాన్నగారి పాత ఫైళ్లు తీయాలి. ముఖ్యంగా ఒక పుస్తకం. మా ఊరి తెలుగు మాస్టారు ఒకరు శతక పద్యాలకు రాసిన వ్యాఖ్య. కొన్ని కాపీలే వేశారట. ఇప్పుడు ఆయన పిల్లల దగ్గర ఉన్న ఒక్క కాపీకీ చెద పట్టింది. దాని పేజ్‌మేకర్ (పుస్తకాల పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) ఫైలు మాత్రం 40 జీబీ డిస్కులో ఉండాలని నాన్నగారు గట్టిగా చెబుతున్నారు.

మా బావమరిది "ప్లగ్గు పెట్టి చూడు, ఆడితే ఆడుతుంది, లేకపోతే లేదు" అంటున్నాడు. ఇన్నేళ్లు కదలకుండా ఉన్న వస్తువులకు నేరుగా కరెంటు ఇవ్వవచ్చా? ముందుగా చూసుకోవలసినవి ఏమిటి?


మాదాపూర్_మేడ

ఫైళ్ల సంగతి వేరు కానీ, ఆ కంప్యూటర్‌ను మళ్లీ లేపడం దండగ. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 దీని మీదికి రాదు; 24హెచ్2 విడుదల నుంచి ఎస్ఎస్ఈ4.2 సూచనలు తెలియని ప్రాసెసర్ మీద అది అసలు బూట్ కాదు. కోర్ 2 డుయోకు అవి తెలియవు. ఏ ఆఫీసు వాళ్లో వాడి తీసేసిన చిన్న డెస్క్‌టాప్ కొనండి. కరెంటు తక్కువ తింటుంది, వేగం ఎక్కువ. పాతది ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇచ్చేయండి.


కాకినాడ_బెంచి

మాదాపూర్ వారు చెప్పినదాంట్లో సగం నిజం. కంప్యూటర్‌గా దాని విలువ ఏమీ లేదు. అయితే మీ అటక మీద విలువైనది ఒకటుంది: పేపర్లో చుట్టిన ఆ 40 జీబీ డిస్కు. దాన్ని తీసుకెళ్లి, పదేళ్లకు పైగా ఎవరూ ముట్టని ఎస్‌ఎంపీఎస్‌కూ ఎవరూ పరీక్షించని మదర్‌బోర్డుకూ తగిలిస్తానంటున్నారు. అది మాత్రం వద్దు. మీ బావమరిదిగారి సలహా ర్యామ్ ముక్కకైతే సరిపోతుంది. పుస్తకం ఉన్న డిస్కుకు సరిపోదు.

నేను కాకినాడలో రిపేరు బెంచి మీద చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ని. సముద్రపు గాలి తగిలే ఊళ్లో నిల్వ సామాను ఎలా పాడవుతుందో రోజూ చూసే పని. ఒక్కొక్కటీ చెబుతాను. అన్నీ ఒకే రకంగా పాడవవు. కొన్ని అసలు పాడవవు.

ప్రాసెసర్, ర్యామ్ చిప్పులు అటక మీద కూర్చుని చావవు. వాటి కాళ్లకూ అంచులకూ పట్టిన మకిలి సంగతి వేరు, అది తుడిస్తే పోతుంది. భయపడవలసింది ద్రవం ఉన్నవాటి గురించి, కదిలేవాటి గురించి. ద్రవం అంటే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు, అంటే కరెంటును కాసేపు నిల్వ ఉంచే చిన్న డబ్బీలు. కదిలేవి అంటే డిస్కు, ఫ్యాను, డీవీడీ రైటర్.

కెపాసిటర్ లోపల అల్యూమినియం రేకు మీద చాలా సన్నటి ఆక్సైడ్ పొర ఉంటుంది. ఇన్సులేషన్ అంతా ఆ పొరే. వోల్టేజీ తగులుతున్నంతకాలం అది నిలబడి ఉంటుంది. ఏళ్ల తరబడి వోల్టేజీ లేకుండా పడి ఉంటే పలచబడుతుంది. అప్పుడు ఒక్కసారిగా పూర్తి వోల్టేజీ ఇస్తే కెపాసిటర్ గుండా లీకేజీ ఎక్కువగా పారుతుంది, వేడెక్కుతుంది, కర్మ కాలితే పేలుతుంది. నెమ్మదిగా, తక్కువ కరెంటుతో ఇస్తే ఆ పొర మళ్లీ కట్టుకుంటుంది. దీనికి తోడు కెపాసిటర్ అడుగున ఉండే రబ్బరు బిరడా గట్టిపడి, లోపలి ద్రవం కొద్దికొద్దిగా ఎండిపోతుంది. ఇది వాడినా జరుగుతుంది, వాడకపోయినా జరుగుతుంది.

అందుకే మీ సీలు విప్పని ఎస్‌ఎంపీఎస్ మీదే నాకు ఎక్కువ అనుమానం. చాలామంది "సీలు కూడా తీయలేదండీ, బ్రాండ్ న్యూ" అని మురిసిపోతూ తెస్తారు. అటక మీద మడిచిపెట్టిన గొడుగు కూడా తెరిచేదాకా కొత్తదే. కేబినెట్‌లో ఉన్న పాత ఎస్‌ఎంపీఎస్ 2012 దాకా రోజూ కరెంటు చూసింది. ఎదురుగా పనిచేసి చూపించింది. ఈ కొత్తది పుట్టిన దగ్గరి నుంచి ఒక్కసారీ లోడు మోయలేదు. పైగా ఆ కాలంలో మన దగ్గర 450 వాట్లు అని స్టిక్కరు వేసి అమ్మినవాటిలో చాలావాటికి అందులో సగం మోసే శక్తి కూడా ఉండేది కాదు. చేత్తో పట్టుకుని బరువు చూడండి. ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉంటే దాని సంగతి అక్కడే తెలిసిపోతుంది.

రెండు ఎస్‌ఎంపీఎస్‌లనూ ఇలా చూడండి. వెనుక ఎర్రటి జారుడు స్విచ్చు ఉంటే అది 230 మీద ఉందా అన్నది ముందు చూసుకోవాలి. 115 మీద ఉంచి మన ప్లగ్గులో పెడితే ఢాం అంటుంది. తరువాత గాలి రంధ్రాల్లోంచి టార్చి వేసి లోపల చూడండి. బొద్దింక గుడ్లు, బల్లి రెట్టలు, కుమ్మరి పురుగు కట్టిన మట్టిగూడు, వీటిలో ఏదో ఒకటి తప్పకుండా ఉంటుంది. బ్లోయర్‌తో ఊదించండి. ఫ్యానును అగ్గిపుల్లతో తిప్పి చూడండి; బిగుసుకుని ఉంటే దాని ఆయిల్ గడ్డకట్టింది. అయితే ఎస్‌ఎంపీఎస్ మూత మాత్రం మీరు విప్పకండి. 230 వోల్టుల ఏసీ లోపల డీసీగా మారి పెద్ద కెపాసిటర్‌లో సుమారు 325 వోల్టులుగా నిలబడుతుంది. ప్లగ్గు పీకిన తరువాత కూడా కొంతసేపు అక్కడే ఉంటుంది.

మొదటి కరెంటు గోడ ప్లగ్గు నుంచి నేరుగా ఇవ్వవద్దు. మీ వీధిలో మిక్సీలు, టీవీలు బాగుచేసే మనిషి దగ్గర సిరీస్ బల్బు బోర్డు ఉంటుంది. ఫిలమెంటు ఉన్న పాతకాలపు 100 వాట్ల బల్బు, దానికి సిరీస్‌లో ఒక సాకెట్. అందులో ఎస్‌ఎంపీఎస్ పెట్టి స్విచ్చు వేస్తే బల్బు ఒకసారి వెలిగి మసకబారితే మంచిది. వెలుగు తగ్గకుండా అలాగే ఉంటే లోపల షార్టు. బల్బు కరెంటును అడ్డుకుంటుంది కాబట్టి పేలుడు ఉండదు, కెపాసిటర్ కూడా మెల్లగా నిండుతుంది. యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటు లాగే తీరును సరిదిద్దే సర్క్యూట్) ఉన్న మంచి రకం ఎస్‌ఎంపీఎస్ అయితే ఈ బల్బు మీద సరిగ్గా నిలబడక మినుకుమినుకుమంటుంది. దాన్ని షార్టు అనుకోవద్దు. మీ దగ్గరున్నవి ఆ రకం కాకపోవచ్చు.

బల్బు పరీక్ష దాటితే గోడ ప్లగ్గులో పెట్టి, పెద్ద కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరునూ నల్ల వైరునూ ఒక చిన్న తీగతో కలపండి. ఫ్యాను తిరగాలి. పాత రకాలకు కొంత లోడు కావాలి కాబట్టి ఆ డీవీడీ రైటర్ తగిలించి ఉంచండి. పోయినా బాధ లేదు. మల్టీమీటరుతో చూస్తే వోల్టుల్లో పసుపు వైరు 11.4 నుంచి 12.6 మధ్య, ఎరుపు 4.75 నుంచి 5.25 మధ్య, నారింజ 3.14 నుంచి 3.46 మధ్య ఉండాలి. చూడగానే వదిలేయకుండా ఒక గంట అలాగే నడపనివ్వండి. అంకెలు కదులుతుంటే, వాసన వస్తుంటే, తీసి పక్కన పెట్టండి.

బోర్డు సంగతి. ప్రాసెసర్ చుట్టూ నిలబడి ఉన్న కెపాసిటర్ల తలలు చూడండి. గీతలు కోసిన ఆ తలలు బల్లపరుపుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు పెచ్చు కట్టినా, అడుగున తడి మరక ఉన్నా కరెంటు ఇవ్వవద్దు. 1999 నుంచి 2007 దాకా ప్రపంచమంతా ఈ బెడద నడిచింది. సరిగ్గా తయారుచేయని ద్రవంతో వచ్చిన కెపాసిటర్లు ఎన్నో కంపెనీల బోర్డుల్లోకి చేరాయి. మీ బోర్డు ఆ కాలపు చివరిది. తలమీద కోత లేకుండా, రంగు గీతతో అల్యూమినియం డబ్బీల్లా ఉంటే అవి ద్రవం లేని పాలిమర్ రకం, వాటి గురించి బెంగ అక్కర్లేదు.

నాణెంలా ఉండే సీఆర్2032 సెల్లును చూడకుండానే మార్చండి. అది చచ్చిపోతే తేదీ వెనక్కి పోతుంది. తేదీ తప్పుగా ఉంటే బ్రౌజర్ ఏ సైటునూ నమ్మదు, మీరేమో ఇంటర్నెట్ పాడైందనుకుంటారు.

ప్రాసెసర్ మీది ఫ్యాను నాలుగు ప్లాస్టిక్ మేకులతో బోర్డుకు దిగి ఉంటుంది. ఇన్నేళ్లకు ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది. థర్మల్ పేస్టు మార్చాలని సరదాపడి పీకకండి. ముందు బోర్డు బతికి ఉందో లేదో తేలనివ్వండి.

పరీక్ష కేబినెట్‌లో కాకుండా బయట, అట్టముక్క మీద పెట్టి చేయండి. బోర్డుతో వచ్చిన మెరిసే సంచి మీద పెట్టవద్దు. ఆ సంచి పైపొర కరెంటును పారనిస్తుంది.

ఇక డిస్కు. దాన్ని ప్రస్తుతానికి ముట్టుకోవద్దు. పేపరు విప్పి ఉంటే బీరువాలో పెట్టండి. పైవన్నీ అయ్యాక చెబుతాను.


భీమిలి_గాలి

బెంచి గారూ, సందర్భం కాకపోయినా ఒకటి అడుగుతాను. నా దగ్గర ఐదేళ్లుగా డ్రాయరులో పడి ఉన్న ఎస్ఎస్‌డీ ఉంది. కరెంటు లేకపోతే అందులోవి ఏడాదిలో చెరిగిపోతాయని విన్నాను. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ కూడా ఉంది, చార్జింగ్ పెట్టవచ్చా?


కాకినాడ_బెంచి

ఆ ఏడాది మాట జెడెక్ అనే చిప్పుల పరిశ్రమ సంస్థ పెట్టిన ప్రమాణంలోది. ఎస్ఎస్‌డీ రాతల ఆయుష్షు మొత్తం అయిపోయిన తరువాత కూడా, 30 డిగ్రీల గదిలో కరెంటు లేకుండా ఏడాదిపాటు డేటా నిలవాలని ఇళ్లలో వాడే రకానికి పెట్టిన షరతు అది. కొద్దిగా వాడి పక్కన పెట్టినదానికి అంతకంటే చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది. అయితే వేడి పెరిగేకొద్దీ ఈ గడువు తగ్గుతుంది. మన ఎండాకాలం డ్రాయరు 30 డిగ్రీల దగ్గర ఆగదు. ఇవాళే తగిలించి కాపీ తీసుకోండి.

బ్యాటరీ ఉబ్బి ఉంటే ముట్టుకోవద్దు. ఉబ్బకపోయినా, ఐదేళ్లలో పూర్తిగా ఎండిపోయిన లిథియం సెల్లుకు చార్జింగ్ పెట్టడం నిప్పుతో పని. ఈ-వ్యర్థాల్లో ఇచ్చేయండి. దాని మీద ఇంకేమీ ఆలోచించవద్దు.


తెనాలి_అటక

బెంచి గారూ, ధన్యవాదాలు. మా వీధి చివర టీవీలు బాగుచేసే ఆయన దగ్గర మీరు చెప్పిన బల్బు బోర్డు ఉంది. రెండు ఎస్‌ఎంపీఎస్‌లూ తీసుకెళ్లాను. సీలు విప్పని దానికి బల్బు వెలుగు తగ్గనే లేదు. ఆయన ఒకసారి తీసి మళ్లీ పెట్టి చూసి, "ఇది పెట్టెలోనే పోయిందండీ" అన్నారు. కేబినెట్‌లోని పాతది మాత్రం బల్బును మసకబార్చి నిలబడింది. పసుపు వైరు 11.7 చూపిస్తోంది, గంట నడిపినా కదల్లేదు. లోపల మీరన్న మట్టిగూడు ఉంది. ఫ్యాను బిగుసుకుపోతే ఆయనే కుట్టుమిషను నూనె చుక్క వేశారు.

బోర్డు మీద ఒక్క కెపాసిటర్ కూడా ఉబ్బలేదు. సెల్లు మార్చాను. కరెంటు ఇస్తే పెద్ద బీప్ ఆగి ఆగి వస్తోంది, తెర మీద ఏమీ రావడం లేదు. ర్యామ్ అంచులు నల్లగా ఉన్నాయి. రబ్బరుతో రుద్దమంటున్నారు ఇక్కడ అందరూ.


నాచారం_సోల్డరు

రబ్బరు వద్దు. ఆ అంచుల మీద ఉన్నది ఒక మైక్రాన్ కూడా లేని బంగారం పూత. రుద్దేకొద్దీ అది పోతుంది, కింద ఉన్న నికెల్, రాగి బయటపడి మళ్లీ త్వరగా నల్లబడతాయి. రబ్బరు తురుము స్లాటులో ఇరుక్కుంటే అదొక తలనొప్పి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన నూలుగుడ్డ చాలు.


కాకినాడ_బెంచి

సూత్రం ప్రకారం సోల్డరు గారు చెప్పింది సరే. పెన్ను గీతలు చెరిపే నీలం రబ్బరు, గరుకుది, అసలే వద్దు. కానీ ఆల్కహాల్ జిడ్డును కరిగిస్తుంది, పట్టేసిన నల్ల మచ్చను కరిగించదు. ముందు ఆల్కహాల్‌తో తుడవండి. పోకపోతే మెత్తటి తెల్ల రబ్బరుతో, అంచు వైపుకు, రెండు మూడు గీతలు గీసినట్టు రుద్ది, మళ్లీ ఆల్కహాల్‌తో తుడవండి. ఏడాదికోసారి చేస్తే పూత పోతుంది. పదేళ్లకోసారి చేస్తే పోదు. స్లాటులో కూడా మకిలి ఉంటుంది, అది మరిచిపోకండి. ఒక్క ర్యామే పెట్టి చూడండి, స్లాటు మార్చి చూడండి.

బీప్ రావడం మంచి కబురు. బోర్డు బతికే ఉంది, ర్యామ్ కనబడటం లేదని మొత్తుకుంటోంది.

ఇప్పుడు డిస్కు మాట. ఆ బోర్డు లేచినా సరే, 40 జీబీ డిస్కును దానికి తగిలించకండి. దానికి రెండు కారణాలు. తగిలిస్తే అందులో ఉన్న పాత విండోస్ ఎక్స్‌పీ బూట్ కావాలని చూస్తుంది; లేస్తే ఆ క్షణం నుంచి డిస్కు మీద రాయడం మొదలుపెడుతుంది. డిస్క్ చెక్ నడిపిందంటే "బాగుచేశాను" అని ఉన్న ముక్కలను కూడా విరిచి పెడుతుంది. ఇక రెండోది, 11.7 చూపించే వృద్ధ ఎస్‌ఎంపీఎస్‌ను అంత విలువైనదానికి నమ్మనక్కర్లేదు.

యూఎస్‌బీ నుంచి ఐడీఈకి మార్చే అడాప్టర్ కొనండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడిగితే ఇస్తారు, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. దానికి సొంత పవర్ అడాప్టర్ ఉండేదే తీసుకోండి. పెద్ద డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో 12 వోల్టుల మీద రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. నాసిరకం అడాప్టర్ అంత ఇవ్వలేదు. డిస్కు టక్కు టక్కుమంటుంది, మీరు డిస్కు పోయిందనుకుని ఏడుస్తారు. వెనుక ఉన్న చిన్న జంపర్‌ను మాస్టర్ స్థానంలో పెట్టండి, ఆ పటం డిస్కు స్టిక్కరు మీదే ఉంటుంది.

ఆ కాలపు డిస్కుల్లో చాలావాటికి ఆగినప్పుడు డేటా చదివే హెడ్డు పళ్లెం మీదే, లోపలి అంచున వాలి ఉంటుంది. ఏళ్లు గడిస్తే అక్కడే అతుక్కుపోవచ్చు. కరెంటు ఇచ్చినప్పుడు మోటారు మూలుగుతూ తిరగలేకపోతే వెంటనే ఆపేయండి. తట్టడం, కొట్టడం, ఫ్రిజ్‌లో పెట్టడం లాంటి వైద్యాలు ఎవరో ఒకరు చెబుతారు. ఫ్రిజ్‌లోంచి తీసిన డిస్కు మీద చెమట పడుతుంది, ఆ నీటి చుక్కల మీద హెడ్డు పరుగెత్తుతుంది. వద్దు. మూత విప్పడం అంతకంటే వద్దు. అలాంటిది వస్తే డేటా తీసే ల్యాబుకు ఇవ్వడమే.

సాఫీగా తిరిగితే ఆ శబ్దం చెవికి తెలుస్తుంది. అప్పుడు లినక్స్ ఉన్న మంచి కంప్యూటర్‌కు తగిలించి, ఫైళ్లు తెరవకుండా, జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో డిస్కు మొత్తాన్నీ ఒక ఇమేజ్ ఫైలుగా తీసుకోండి. అది మొదటి విడతలో సులువుగా చదవగలిగినవన్నీ చదివేస్తుంది, మొరాయించిన చోట్లను వదిలి ముందుకు పోతుంది. ఎక్కడెక్కడ వదిలిందో మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలవుతుంది. విండోస్‌కు తగిలిస్తే "ఫార్మాట్ చేయాలా" అని అడిగే అవకాశం ఉంది. అలవాటు కొద్దీ సరే అనేవాళ్లను చూశాను. అందుకే లినక్స్ అంటున్నాను.

ఇమేజ్ చేతికి వచ్చాక అసలు డిస్కును మళ్లీ పేపర్లో చుట్టి పెట్టేయండి. పనంతా కాపీ మీదే.


శుభలేఖ_టైపు

గుంటూరులో డీటీపీ చేసేదాన్ని. ఫైళ్ల సంగతి నేను చెబుతాను. డిస్కు చదవగలిగినా సగం పనే అయినట్టు.

పేజ్‌మేకర్ ఫైలు ఒక్కటే తీసుకుంటే సరిపోదు. బొమ్మలు చాలావరకు ఆ ఫైలులో ఉండవు, వేరే ఫోల్డర్‌లో ఉన్న టిఫ్ ఫైళ్లకు లింకులుగా ఉంటాయి. అందుకని ఫోల్డర్లను ఏరుకోకుండా డిస్కు మొత్తం దించండి, బెంచి గారు చెప్పినట్టు. రెండోది ఫాంట్లు. ఆ రోజుల్లో తెలుగు యూనికోడ్‌లో టైపు చేసేవాళ్లం కాదు. నాన్నగారు అప్పటి డీటీపీ సెంటర్లలో నడిచిన 'అను' అనే తెలుగు ఫాంట్లే వాడి ఉంటారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే పద్యానికి బదులు ఇంగ్లీషు అక్షరాలు, విరామ చిహ్నాలు కలగలిసిన గందరగోళం కనబడుతుంది. చాలామంది అది చూసి ఫైలు పాడైందనుకుని పారేస్తారు. విండోస్ ఫోల్డర్‌లో ఉన్న ఫాంట్స్ ఫోల్డర్‌ను మొత్తంగా కాపీ చేసుకోండి. అదే పేరుతో తరువాత వచ్చిన ఫాంటు వేస్తే ఒత్తులూ గుడులూ చోటు మారవచ్చు. నాన్నగారి డిస్కులో ఉన్న ఫాంటే కావాలి.

పేజ్‌మేకర్ 7 తరువాత ఇంకో వెర్షన్ రాలేదు. అది 2001 నాటిది. దాన్ని ఎక్స్‌పీలోనే నడపడం హాయి. ఇప్పటి కంప్యూటర్‌లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్‌లో ఇంకో కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రామ్) పెట్టి, అందులో ఎక్స్‌పీ, అందులో పేజ్‌మేకర్. ఆ ఎక్స్‌పీకి ఇంటర్నెట్ ఇవ్వకండి. తెరవగలిగాక మొదట పీడీఎఫ్ తీసుకోండి, ఆ తరువాత యూనికోడ్‌కు మార్చే పని చూడండి. మార్చే సాధనాలు ఉన్నాయి కానీ పద్యాల దగ్గర అరసున్నలు, కొన్ని సంయుక్తాక్షరాలు తప్పు పడతాయి. ఎవరైనా కూర్చుని పీడీఎఫ్ పక్కన పెట్టుకుని ప్రూఫు దిద్దాలి. శతకాలంటే ఛందస్సు తెలిసినవాళ్లు చూస్తే మంచిది, యతి తప్పిన చోట అక్షరం మారిందని వాళ్లకు ఇట్టే తెలుస్తుంది.

సీడీలు కూడా పారేయకండి. మేము పెద్ద పనులన్నీ సీడీలో రాసి పెట్టుకునేవాళ్లం. నాన్నగారూ అలాగే చేసి ఉంటారు. అందరూ కింది వైపు గీతలు పడకుండా జాగ్రత్త పడతారు కానీ, సీడీ-ఆర్‌లో పేరు రాసే పైవైపే అసలు సున్నితం. మెరిసే పొర దాని కిందే, సన్నటి లక్క పూత వెనుక ఉంటుంది. స్టిక్కర్లు అంటించి ఉంటే పీకకండి, పొరతో సహా వస్తుంది.


తెనాలి_అటక

ఆలస్యానికి మన్నించండి, అడాప్టర్ రావడానికి టైము పట్టింది.

ర్యామ్‌లలో ఒకటి శుభ్రం చేయగానే లేచింది. రెండోది ఏం చేసినా లేవలేదు. బోర్డు నడుస్తోంది. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ ఒక రాత్రంతా పెట్టాను, తప్పులేమీ చూపించలేదు.

40 జీబీ డిస్కు తిరిగింది. మొదటి విడతలోనే దాదాపు అంతా వచ్చేసింది. చివర కొన్ని చోట్ల మొరాయించింది; అవి ఏ ఫైళ్లవో చూస్తే ఎక్కువగా ఎక్స్‌పీ సొంత ఫైళ్లు. పుస్తకం దొరికింది! శుభలేఖ గారు చెప్పకపోతే పారేసేవాడినే, తెరవగానే అచ్చం అలాంటి గందరగోళమే కనిపించింది. నాన్నగారు తెర చూసి "ఫాంటు వెయ్యరా" అన్నారు, అంతే. డిస్కులోని ఫాంట్లు వేశాక పద్యాలన్నీ వరసగా కనబడ్డాయి. పీడీఎఫ్ తీశాను.

ముఖచిత్రం మాత్రం లేదు. లింకు సీడీ డ్రైవ్ వైపు చూపిస్తోంది. అంటే ఆ బొమ్మను సీడీలోంచే నేరుగా పెట్టారన్నమాట. ఆ సీడీ ఏదో నాన్నగారికి గుర్తులేదు. డబ్బాలో ఉన్నవాటిలో కొన్ని చదవబడుతున్నాయి, కొన్నిటిని మా డ్రైవ్ గుర్తించడమే లేదు. పాత డీవీడీ రైటర్ ట్రే బయటికి రావడం లేదు.


కాకినాడ_బెంచి

ట్రే లోపల సన్నటి రబ్బరు బెల్టు ఉంటుంది, అది సాగిపోయి జారుతోంది. ముందు భాగంలో ఉన్న చిన్న రంధ్రంలో గుండుసూదో పేపర్ క్లిప్పో గుచ్చితే ట్రే వస్తుంది. అవసరమైనప్పుడల్లా అలాగే తీస్తూ వాడుకోండి. పాత రైటర్లు ఇప్పటి సన్నటి ల్యాప్‌టాప్ డ్రైవుల కన్నా పాత సీడీలను బాగా చదువుతాయి. ఒక డ్రైవ్ చదవనిది ఇంకోటి చదవడం మామూలే. ఆ సీడీ రాసిన డ్రైవే ఇదైతే మరీ మంచిది. కటకాన్ని ఆల్కహాల్ తడి ఉన్న దూదిపుల్లతో మెల్లగా తుడిచి, సీడీలను ఒక్కొక్కటీ పెట్టి చూడండి. చదివిన ప్రతి సీడీనీ అప్పుడే డిస్కులోకి దించుకోండి, రేపు చూద్దామనుకోకండి. సీడీలకు కూడా డీడీరెస్క్యూ పనిచేస్తుంది. ఒక డ్రైవులో కొంత, ఇంకో డ్రైవులో కొంత చదివించి, ఒకే మ్యాప్ ఫైలుతో ఒకే ఇమేజ్‌లోకి చేర్చవచ్చు.

అమ్మాయికి కంప్యూటర్ ఇవ్వాలనుకుంటే ఇప్పుడు ఇవ్వండి. పాత ఎస్‌ఎంపీఎస్ తీసేసి కొత్తది, అంటే ఈ ఏడాది తయారైనది, వేయండి. 160 జీబీ డిస్కును స్మార్ట్ పరీక్ష (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకున్న లెక్కలు చూడటం) చేసి చూడండి. ఐదో నంబరు, 197వ నంబరు (పాడైన, అనుమానం ఉన్న చోట్ల లెక్కలు) సున్నా కాకపోతే దాన్ని నమ్మకుండా చిన్న సాటా ఎస్ఎస్‌డీ పెట్టండి. ఆ ప్రాసెసర్ 64 బిట్లదే కాబట్టి లినక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ ఎక్కుతుంది. టైపింగ్‌కు బాగానే ఉంటుంది. ఒక్క ర్యామే కాబట్టి బ్రౌజర్‌లో నాలుగు పేజీలు తెరిస్తే ఆయాసపడుతుంది. డీడీఆర్2 ర్యామ్ పాతది ఎవరి దగ్గరైనా దొరికితే ఇంకోటి వేయండి, దానికోసం కొత్తగా ఖర్చు పెట్టకండి.


శుభలేఖ_టైపు

ముఖచిత్రం సీడీలో దొరకకపోతే మాస్టారి పిల్లల దగ్గర ఉన్న కాపీ అట్టను 600 డీపీఐలో స్కాన్ చేయించండి. చెద తిన్న చోట్లు పూడ్చడం నాకు అలవాటే. పీడీఎఫ్ మొదటి పది పేజీలు పంపితే యూనికోడ్‌లోకి మార్చి, ఎక్కడ తప్పులు పడుతున్నాయో చూసి చెబుతాను. ఏ అను వెర్షనో నాన్నగారిని అడిగి రాయండి. కన్వర్టరులో ముందుగా ఎంచుకోవలసింది అదే.